ఆప్షన్లు ఎవరు పెడుతున్నారు?

ఇంటర్ ఫలితాలు వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘాల్లో పిల్లల మార్కులు చెప్పి స్తోత్రాలు చెల్లించడం మామూలే. ఆరాధన ముగిశాక ఆవరణలో ఇంకో మాట నడుస్తుంది. ఫలానా కాలేజీ వాళ్లు ఇంటికొచ్చారు, బస్సు ఫ్రీ అంటున్నారు, సర్టిఫికెట్లు ఇప్పుడే ఇచ్చేయమంటున్నారు. మార్కుల కోసం రెండేళ్లు ప్రార్థించిన ఇల్లు కాలేజీ సంగతి రెండు రోజుల్లో తేల్చేస్తోంది.

మన దగ్గర కాలేజీలు లేక కాదు. విజయనగరం మహారాజా కళాశాల 1879 నుంచి ఉంది. గురజాడ అప్పారావు గారు అక్కడే చదివి అక్కడే పాఠాలు చెప్పారు. ఎచ్చెర్లలో 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. 2016లో శ్రీకాకుళానికి ట్రిపుల్ ఐటీ ఇచ్చారు, 2019లో విజయనగరానికి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. విజయనగరంలోని జేఎన్టీయూ కాలేజీ 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. రాజాం, టెక్కలి, చింతలవలసల్లో ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. మన తాతల కాలంలో పై చదువంటే విశాఖ రైలెక్కడమే. ఇప్పుడు చిక్కు వేరు. కాలేజీ దొరకడం కష్టం కాదు, దాన్ని ఎవరు ఎంచుతున్నారన్నదే ప్రశ్న.

ఇంజినీరింగ్ సంగతే చూడండి. ఈఏపీసెట్ ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలన, ఆ తర్వాత వెబ్ ఆప్షన్లు. కాలేజీని, బ్రాంచిని ఏ వరుసలో పెడితే ఆ వరుసలోనే కంప్యూటర్ చూస్తుంది. మొదటిది దొరికితే రెండోదాని దాకా పోదు. అంటే ఆ వరుసే పిల్లవాడి నాలుగేళ్లు. మన ఊళ్లలో ఆ వరుసను చాలాసార్లు నెట్ సెంటర్ కుర్రాడో, కాలేజీ పంపిన మనిషో పెడుతున్నాడు. పాస్‌వర్డ్ చేతికిచ్చి, ‘మీకు తెలిసినట్టు పెట్టండి బాబూ’ అంటున్నాం. ఆయనకు తెలిసింది ఏమిటి? తన కాలేజీ పేరు. అడ్మిషన్‌కు ఇంతని ముట్టే మనిషి చేతిలో బిడ్డ ర్యాంకు పెడితే, ఎంత మంచి ర్యాంకైనా ఆ కాలేజీకే పోతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దని అధికారులు చెబుతూనే ఉన్నారు. ఆ మాట వినేలోపే సర్టిఫికెట్ల ఫైలు ఏజెంటు సంచిలో ఉంటోంది.

ఈ సర్టిఫికెట్ల దగ్గర కాస్త ఆగాలి. ఒరిజినల్స్ ఒకసారి లోపలికి వెళ్తే, మనసు మారినా కాలేజీ మార్చలేమన్న భయంతోనే చాలామంది ఉండిపోతున్నారు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. చూపించాలి, సరిచూసుకున్నాక తిరిగి తీసుకోవాలి. కౌన్సెలింగ్‌కు ముందే ఇమ్మనేవారికి అసలు ఇవ్వనక్కరలేదు.

ఇక ఫీజు. మన సంఘాల్లో ఎక్కువ ఇళ్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశపెట్టుకున్నవే. అది కన్వీనర్ కోటా సీటుకే వర్తిస్తుంది. ప్రైవేటు కాలేజీలో నూటికి డెబ్భై సీట్లు కన్వీనర్‌వి, ముప్ఫై యాజమాన్యానివి. ‘సీటు గ్యారంటీ, కౌన్సెలింగ్ అక్కర్లేదు’ అని ఎవరైనా అంటే అది ఆ ముప్ఫైలోదే, ఖర్చంతా ఇంటిదే. కన్వీనర్ సీటు వచ్చినా ప్రభుత్వం డబ్బు ఆలస్యమైతే కాలేజీ విద్యార్థినే అడుగుతుంది. పరీక్ష ఫీజు కట్టే వేళ హాల్ టికెట్ దగ్గర మాట వస్తుంది. హాస్టలు, బస్సు, పుస్తకాలు వేరే. గోపురం కట్టబోయేవాడు ముందు లెక్క చూసుకోవాలన్న ప్రభువు ఉపమానం మన సంఘాల్లో ఎరుగనివారు లేరు. జీడితోట తాకట్టు పెట్టి మొదటి ఏడాది కట్టేసి, రెండో ఏడాదికి బిడ్డను చదువు మాన్పించే ఇంటికి ఆ లెక్క ముందే చెప్పేవారు మాత్రం కరవు.

కులధ్రువీకరణ గురించి మాట్లాడటానికి మన సంఘాల్లో మొహమాటం ఉంది. అయినా రాయక తప్పదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సిగా లెక్కించి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. ఎస్సీలకు పదిహేను శాతం. ఒకే వీధిలో, ఒకే కూలికి వెళ్లే రెండిళ్ల పిల్లలకు తేడా ఇంత. ఇది న్యాయం కాదని మేము భావిస్తాము. సుప్రీంకోర్టులో ఏళ్లుగా వాదనలున్నాయి, 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కూడా వేసింది. గిరిజనుల విషయం వేరు. సీతంపేట, కురుపాం కొండల సవర, జాతాపు విశ్వాసులకు మతం వల్ల ఎస్టీ హోదా పోదు. ఇది తెలియక భయపడే కుటుంబాలు ఉన్నాయి, కాపరులు వారికి విప్పి చెప్పాలి. చట్టం మారేదాకా ఏ ఇంటికి ఏ ధ్రువపత్రం నిజంగా వర్తిస్తుందో తెలుసుకుని, దాన్నీ ఆదాయ ధ్రువపత్రాన్నీ మే నెలలోనే తెచ్చుకోవాలి. కౌన్సెలింగ్ మొదలయ్యాక సచివాలయం చుట్టూ తిరిగితే కాలం చాలదు.

నర్సింగ్ మాట ఎత్తకపోతే ఈ వ్యాసం మన పాఠకులకు సగమే. మిషను ఆసుపత్రుల కాలం నుంచి నర్సింగ్ మన ఆడపిల్లలకు గౌరవమైన దారి. ఆ గౌరవాన్నే పట్టుకుని కొందరు ఏజెంట్లు సంఘాల చుట్టూ తిరుగుతున్నారు. పక్క రాష్ట్రంలో సీటు, చదువైపోగానే విదేశం అంటూ ముందు కాపరిని ఒప్పిస్తారు. కాపరి సిఫారసు చేస్తే తల్లిదండ్రులు ఇంకేమీ అడగరు. అడగాల్సింది రెండే మాటలు: ఆ కాలేజీకి భారత నర్సింగ్ కౌన్సిల్, ఆ రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లలు శిక్షణ పొందే ఆసుపత్రి ఏది? మన రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ ప్రవేశాలు ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. బయటికి పంపేముందు ఇక్కడ దరఖాస్తు పెట్టారా అని కాపరి అడిగినా చాలు.

డిగ్రీని మాత్రం అందరూ చిన్నచూపు చూస్తున్నారు. ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ రాకపోతే బతుకే లేదన్నట్టు మాట్లాడే ఇళ్లు, శ్రీకాకుళంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల వైపు తొంగి చూడవు. టీచరు కావాలన్న పిల్లకు, గ్రూప్ పరీక్షలు రాయాలన్న అబ్బాయికి అదే దగ్గరి దారి, చవకైన దారి. అయితే 2023లో సింగిల్ మేజర్ పద్ధతి మొదలైనప్పుడు ఏ సబ్జెక్టు అన్నది చేరేనాడే తేల్చుకోవాల్సి వచ్చింది. డిగ్రీ ప్రవేశాలు కూడా ఆన్‌లైనే కాబట్టి, అక్కడా అదే పాస్‌వర్డు, అదే నెట్ సెంటరు.

మన సంఘాల్లో బీటెక్ చదివిన యౌవనస్తులు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు. ఆప్షన్ల తేదీలు వచ్చిన వారం రెండు సాయంత్రాలు మందిరంలో ఒక కంప్యూటర్ పెట్టి కూర్చుంటే పది ఇళ్ల పిల్లలు తమ వరుస తామే పెట్టుకుంటారు. ఒక్క జాగ్రత్త. ఓటీపీ రిజిస్టరైన ఫోనుకే వస్తుంది. తండ్రి చెన్నైలోనో విజయవాడలోనో కట్టడం పనిలో ఉండి, ఆ నంబరు ఆయన దగ్గరే ఉంటే, దరఖాస్తు నాడే తల్లి నంబరు ఇవ్వండి.