మంత్రగత్తెకు ఒక ఇల్లు

మన జానపద కథలలో మంత్రగత్తెకు పాడుబడిన కోట, చివరకు కత్తివేటు తప్ప ఇల్లుండదు. కథలలోనే కాదు, చేతబడి నెపంతో నిస్సహాయ స్త్రీలను హింసించిన ఊళ్లు తెలుగునాట ఉన్నవి.

రెబెక్కా థోర్న్ 2022లో వెలువరించిన ఆంగ్ల నవలలో మాంత్రికురాలొకతె, రాణి అంగరక్షకురాలొకతె పరస్పరం ప్రేమించుకొని, పుస్తకాలూ తేనీరూ అమ్మే అంగడి పెట్టుకుంటారు. మంత్రం తెలిసిన స్త్రీకి ఒక ఇల్లు, ఒక తోడు దొరికినవి. ఇందులో వెరవవలసినదేమున్నది?

స్త్రీల అనురాగాన్ని స్పృశించిన ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూ కథ ‘లిహాఫ్’ (1942)పై లాహోరులో అశ్లీలత అభియోగం నడిచింది, నిలువలేదు. పరస్పర సమ్మతిగల స్వలింగ ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయస్థానాలు తెరచిన తలుపును గ్రంథాలయం మూయరాదు. చల్లపల్లిలో మన బీరువాలలో ఈ రెండింటికీ చోటు కల్పించవలసినదిగా కమిటీవారికి మనవి.