విమోచన ఒక్క ఆత్మకేనా? (భాగం - 5)



1807లో లండన్‌లో ఒక బైబిల్ అచ్చేశారు, కరీబియన్ తోటల్లో పనిచేసే నల్ల బానిసల కోసం. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథ అందులో లేదు. కోసేశారు. ఆ కథ బానిస చెవిన పడితే ఏమవుతుందో యజమానికి తెలుసు.

మన పాస్టర్లు పేజీలు కోయరు. మాటకు అర్థం కోస్తారు. 'విమోచన' అంటే చచ్చాక ఆత్మ పరలోకానికి పోవడం, అంతే అంటారు. లేవీయకాండం 25వ అధ్యాయం తెరవండి. పేదవాడు అమ్ముకున్న పొలాన్ని దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. యాభయ్యో ఏడు, సునాద సంవత్సరంలో, ఎవరి భూమి వాళ్లకు తిరిగి చేరాలి. విమోచన జరిగేది పొలం గట్టు మీద!

అదే అధ్యాయం పరాయివాళ్లను శాశ్వత దాసులుగా ఉంచుకోవచ్చనీ అంటుంది. దాచను. దాన్ని దేనితో కొలవాలి? ఆదికాండం మొదటి అధ్యాయంతో. అక్కడ స్త్రీ పురుషులిద్దరూ దేవుని స్వరూపమే. నోట్లోంచి ఒకడు, పాదాల్లోంచి ఒకడు పుట్టలేదు.

నజరేతులో యేసు చదివింది పేదలకు సువార్త, చెరలో ఉన్నవాళ్లకు విడుదల. ప్రకటన 21లో కొత్త యెరూషలేము కిందికే దిగి వస్తుంది. కథ నేల మీద మొదలై నేల మీదే ముగుస్తోంది.

'మరి పాపం?' అంటారు. మనిషిని అంటరానివాణ్ణి చేయడాన్ని మించిన పాపం ఏది?

చివరగా మనకే ఒక మాట. ఒకే ఊళ్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు అయినచోట ఆదికాండం మొదటి పేజీని కోసింది లండన్ దొర కాదు. మనమే.

జై భీమ్.

(ఇంకా ఉంది)