గుట్ట మీద బెల్లు మోగదు



హాస్టల్ వార్షికోత్సవ సంచిక అనగానే మార్కుల గురించి, క్రమశిక్షణ గురించి, అంబేడ్కర్ గారి ఆశయాల గురించి రాయడం ఆనవాయితీ. అవన్నీ అవసరమే. ఈసారి మేము మాత్రం గుట్టల గురించి రాయదలచుకున్నాం. హాస్టల్ పిల్లలు ఏడాదికి ఒక్కసారైనా గుట్ట ఎక్కాలి. హాస్టల్ దాటి పోయినవాళ్లు ఒక్కరోజైనా ఒంటరిగా ఎక్కాలి. ఇదీ మా అభిప్రాయం. ఆ రోజు నడిచింది ఒక్కరమే అయినా "మేము" అనే రాస్తున్నాం. ఒకే హాలులో వరుసగా పేర్చిన ట్రంకు పెట్టెల మధ్య పెరిగినవాళ్లకు "నేను" అనడం అంత తొందరగా అలవాటు కాదు.

పీజీలో చేరిన కొత్తలో ఒక ఇంటర్వ్యూకు వెళ్లాం. సబ్జెక్టు ప్రశ్నలకు బాగానే చెప్పాం. చివర్లో "మీ హాబీలు ఏమిటి?" అని అడిగారు. నోట మాట రాలేదు. బట్టలు ఉతుక్కోవడం, ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడటం హాబీలు కావు కదా! పక్కన కూర్చున్న అబ్బాయి "ట్రెక్కింగ్" అన్నాడు. తర్వాత అదే అబ్బాయి మమ్మల్ని కూడా రమ్మన్నాడు. బస్సు చార్జీ, బూట్లు, బ్యాగు అన్నీ లెక్కేస్తే మా నెల మెస్ బిల్లును దాటిపోయింది. రామని చెప్పేశాం.

కానీ ఆ రాత్రి ఒక మాట గుర్తొచ్చింది. ఎండాకాలం తునికాకు తెంపడానికి మా అవ్వ తెల్లారకముందే రబ్బరు చెప్పులతో గుట్ట ఎక్కుతుంది. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి సాయంత్రానికి కల్లంలో అప్పజెబుతుంది. ఆమె నడకకు ఎవరూ పేరు పెట్టలేదు. గుట్ట మన ఇండ్లకు కొత్త కాదు. పని లేకుండా ఎక్కడమే మనకు కొత్త.

అందుకే సంక్రాంతి సెలవుల్లో మా ఊరి వెనక ఉన్న నాలుగు గుట్టలూ ఒక్కరోజులో ఎక్కాలని బయలుదేరాం. అవ్వ అడిగింది: "గుట్ట మీద ఏం పని బిడ్డా? కట్టెలు తెస్తవా?"

"ఏం తేనే అవ్వా, ఊరికెనే పోయొస్త."

"ఊరికెనే గుట్ట ఎక్కుడేంది?" అని నవ్వింది కానీ, రెండు జొన్న రొట్టెలు, పల్లీల కారం కట్టిచ్చింది.

మొదటి గుట్ట పశువుల బాటే, సులువుగా ఎక్కేశాం. రెండోదాని మీద మోదుగు, తునికి చెట్ల మధ్య బాట తప్పింది. గంటసేపు ముళ్లలో తిరిగాం. భయం వేసింది. పిలిస్తే పలికేవాళ్లు లేరు. చివరికి ఎండ ఎటు పడుతుందో చూసుకుని, ఊరి చెరువు కనిపించే వైపు దిగాం. మూడో గుట్ట మీద రాళ్ల సందుల్లో పొనికి చెట్టు కనబడింది. నిర్మల్ బొమ్మలు ఈ చెక్కతోనే చేస్తారని చిన్నప్పుడు పాఠంలో చదివాం. చెట్టును చూసింది మాత్రం ఆ రోజే. అక్కడే కూర్చుని రొట్టె తిన్నాం. తినమని ఏ బెల్లూ మోగలేదు. ఎన్నో ఏండ్లకు ఆకలి వేసినప్పుడు తిన్నాం.

నాలుగో గుట్ట ఎదురుగానే ఉంది. అప్పటికి సీసాలో నీళ్లు అడుగంటాయి, పొద్దు వాలుతోంది. ఎక్కితే నాలుగూ ఎక్కామని చెప్పుకోవచ్చు. దిగేటప్పటికి చీకటి పడుతుంది. చాలాసేపు ఆలోచించి వెనక్కి తిరిగాం. ఎక్కడం కన్నా ఆ నిర్ణయమే కష్టమనిపించింది.

ఇది మీతో ఎందుకు చెబుతున్నామంటే, మన ఇండ్లలో మొదట డిగ్రీ చదివేది మనమే. ఏ కోర్సు తీసుకోవాలి, ఏ పరీక్ష రాయాలి, ఎక్కడ ఆగాలి అని అడగడానికి బాపు దగ్గర జవాబు ఉండదు. హాస్టల్ మనకు అన్నం పెట్టింది, చదువు చెప్పింది. లేవడం, తినడం, పడుకోవడం మాత్రం బెల్లుతోనే నేర్పింది. గేటు దాటిన రోజు నుంచి అన్నీ మనమే నిర్ణయించుకోవాలి. డిగ్రీ మొదటి ఏడాదే తిరిగొచ్చేసిన మన మిత్రులు తెలివి లేక రాలేదు. బాట తప్పినప్పుడు ఏం చేయాలో తెలియక వచ్చారు. ఆ సాధన గుట్ట మీద దొరుకుతుంది.

మనవాళ్లకు చేతకాదనే మాట ఎప్పుడో తేలిపోయింది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. కూలి ఇంట్లో పుట్టిన పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలేదు. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీదనే. ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ 2022 నాటికి పూర్ణ ఎక్కేసింది. అది మనందరికీ గర్వకారణం. కానీ ఎంపికైన ఇద్దరు ఎవరెస్టు ఎక్కితే, మిగతా వేలమంది గేటు లోపలే ఉండి చప్పట్లు కొడితే సరిపోదు. అందరికీ ఎవరెస్టు అక్కర్లేదు. పక్క గుట్ట చాలు.

"పిల్లలకు ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?" అని వార్డెన్ సార్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చిన్నపిల్లలను ఒంటరిగా పంపమని మేము అనడం లేదు. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, అలాంటి చోటికి అనుమతి లేకుండా పోకూడదు. మన నిర్మల్‌లోనే శ్యాంగఢ్ ఉంది. సార్లతో కలిసి పొద్దున్నే అక్కడికి వెళ్లవచ్చు. పైకెక్కాక ప్రతి విద్యార్థి అరగంట ఎవరితో మాట్లాడకుండా కూర్చోవాలి. రాంజీ గోండు పోరాడిన నేల ఇది, 1860లో ఆయనను ఉరితీసిన ఊరు ఇది అని సార్లు అక్కడే చెప్పవచ్చు. బాలికల హాస్టళ్లకూ ఇదే వర్తించాలి. పూర్ణ ఆడపిల్లే కదా!

పూర్వ విద్యార్థులకు మా మనవి వేరు. ఒక రోజు ఒక్కరే వెళ్లండి. ఎటు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, నీళ్లు ఎక్కువ తీసుకుపోండి, పొద్దుగూకకముందే దిగండి.

మేము ఇంటికి వచ్చేసరికి అవ్వ వాకిట్లో నిలబడి ఉంది. "ఏం తెచ్చినవ్?" అంది. చేతుల్లో ఏమీ లేదు. ఆ నాలుగో గుట్ట మాత్రం ఇంకా ఉంది. వచ్చే సెలవుల్లో ఇంకో సీసా నీళ్లతో వెళ్తాం.