పేరుకి పెద్దక్షరాలు, నిజానికి చిన్నక్షరాలా?

పసిపిల్లకి విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడవు. అలాంటప్పుడు మందుల షాపుకి పరిగెత్తి "ఓఆర్ఎస్ ఇవ్వండి" అని అడిగిన తల్లుల చేతిలో ఇన్నేళ్ళూ ఏం పెట్టారు? చాలాచోట్ల స్ట్రా అంటించిన తియ్యటి పళ్ళరసం డబ్బా. పేరులో ఓఆర్ఎస్ అన్న అక్షరాలు కొట్టొచ్చినట్టు ఉంటాయి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అన్న మాట మాత్రం ఓ మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. ఇదేమిటని అడిగితే "తల్లులు చదివి కొనుక్కోవాలి కదండీ" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలు ఓఆర్ఎస్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. లీటరు నీళ్ళలో 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేటు. అంతే. ఈ కొలతల్లోనే ఉంది కిటుకంతా. కొంచెం గ్లూకోజూ కొంచెం ఉప్పూ కలిసి వెళితేనే పేగు వాటిని లోపలికి లాక్కుంటుంది, వాటితోపాటు నీళ్ళూ ఒంట్లోకి చేరతాయి. చక్కెర మితిమీరితే కథ తిరగబడుతుంది. ఒంట్లో నీళ్ళే పేగులోకి వచ్చేస్తాయి, విరేచనాలు ఎక్కువవుతాయి. ఆ డబ్బాల్లో లీటరుకి వంద గ్రాముల పైచిలుకు చక్కెర ఉన్నవి కూడా అమ్మారు. ఉప్పేమో ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. తాగిన ప్రతి పిల్లకీ ప్రాణం మీదకొస్తుందని నేననను. కానీ అప్పటికే వాడిపోయిన పసిదానికి మందు అనుకుని పోసేది దానికి పనికొచ్చేది కాకపోతే, పోయిన ఆ కొన్ని గంటలు ఎవరు తెచ్చిస్తారు?

ఈ పొడి విలువేమిటో మన దేశానికి బాగా తెలుసు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరాతో పడిపోతుంటే, సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పోయించి, రోగుల దగ్గరున్న ఇంటివాళ్ళ చేతే తాగించారు. వందకి ముప్ఫై మంది దాకా పోతున్నచోట చావులు 4 శాతం లోపుకి దిగాయి. డాక్టరూ సూదీ లేకపోయినా గ్లాసూ చెంచాతో అమ్మే ప్రాణం నిలబెట్టగలదని రుజువైన మందు ఇది. అంత నమ్మకం సంపాదించుకున్న పేరుని తీసుకెళ్ళి చక్కెర నీళ్ళకి తగిలించారు. నాకు దీన్ని వ్యాపారం అనడానికి నోరు రావడంలేదు.

దీనిమీద పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు. దాదాపు ఎనిమిదేళ్ళు ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, తెలంగాణ హైకోర్టులో కేసు వేశారు. ఆహార భద్రతా సంస్థ 2022 జూలైలో, చిన్న హెచ్చరిక వేస్తే చాలు ఆ పేరు వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతి వెనక్కి తీసుకుని, పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే ఉండకూడదంది. సంతోషమే. కానీ ఒక్క మాట అడుగుతాను. ఒక డాక్టరమ్మ ఇంత కాలం ఒంటరిగా అరిస్తే తప్ప కదలని వ్యవస్థ, చంకలో పిల్లని వేసుకుని షాపు ముందు నిలబడ్డ తల్లిని లేబుల్ చదవలేదా అని నిలదీయొచ్చా?

"చదువుకున్నవాళ్ళు కూడా చూసుకోకపోతే ఎలా" అని మా బంధువుల్లో ఒకాయన వాదించారు. బాబాయ్, జ్వరం మాత్ర కొన్నప్పుడు నువ్వు దాన్ని పగలగొట్టి పరీక్ష చేయించావా? మందుల షాపులో, మందు పేరుతో ఉన్నదాన్ని నమ్మడం తెలివితక్కువతనం కాదు. ఆ నమ్మకం మీదే ఊళ్ళో ప్రతి సంసారమూ నడుస్తోంది. దాన్ని కాపాడాల్సింది అమ్మేవాడూ, అనుమతి ఇచ్చేవాడూ.

పేరు మారినంత మాత్రాన డబ్బా మారదు. రేపు అదే రసం ఇంకో ముద్దుపేరుతో అదే అరలో, అసలు పొట్లాల పక్కనే కూర్చుంటుంది. అందుకే మందుల షాపుల్లో ఈ రెంటినీ వేరువేరు చోట్ల పెట్టించాలని నేనంటాను. అసలు పొట్లం మీద ఎలా కలపాలో తెలుగులో, కళ్ళద్దాలు లేకుండా మా అత్తగారు చదవగలిగేంత అక్షరాల్లో ఉండాలి. ఓఆర్ఎస్ అడిగిన మనిషికి రసం డబ్బా ఇచ్చిన షాపుని ఎవరో ఒకరు జవాబు అడగాలి.

అవన్నీ జరిగేదాకా మన జాగ్రత్త మనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి పొట్లాలు రెండు ఇంట్లో ఎప్పుడూ ఉంచుకోండి. ఆశా కార్యకర్తల దగ్గరా, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లోనూ ఊరికే ఇస్తారు. లీటరు పొట్లమైతే పొడి మొత్తం ఒకేసారి లీటరు శుభ్రమైన నీళ్ళలో కలపాలి, సగం సగం వద్దు. రుచి కోసం పంచదార అస్సలు వద్దు. 24 గంటలు దాటితే పారబొయ్యాలి. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు, కడుపు మాడ్చకూడదు. జింకు మందు గురించి డాక్టర్ని అడగండి. కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంకేమీ చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

పిల్లకి సుస్తీ చేస్తే ముందు అమ్మనే తిట్టే అలవాటు మన ఇళ్ళలో ఎటూ ఉంది. ఏం పెట్టావు, ఏం తాగించావు అని అందరూ అడుగుతారు. ఈసారి ఆ ప్రశ్న డబ్బా తయారుచేసినవాణ్ణి అడగండి.