పోయిన సంగతి పోగొట్టుకున్నవాళ్లకు చెప్పరా?

రాజాంలో పాలకొండ రోడ్డు మీద ఏదైనా నెట్ సెంటర్‌లో పది నిమిషాలు నిలబడి చూడండి. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం బల్ల మీద పెడుతుంది, వేలిముద్ర వేస్తుంది. ఈ-మెయిల్ అడిగిన చోట సెంటర్ కుర్రాడు తన మెయిలే కొట్టేస్తాడు. ఫోన్ నంబరు కొడుకుది. ఆ కొడుకు హైదరాబాద్‌లో తాపీ పనిలో ఉంటాడు. రేపు ఆమె వివరాలు దొంగల పాలైతే, కంపెనీ పంపే కబురు ఎవరికి చేరినట్టు?

ఇది ఊహించి భయపడుతున్న మాట కాదు. బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మేలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా పడి ఉన్నాయని అందులో తేలింది. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఎండలో చెరువు మట్టి తవ్వి తట్టలు మోసినవాళ్ల నంబర్లవి. మరుసటి ఏడాది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. గోల రేగాక వివరాలు కనపడకుండా చేశారు. ఆ ఇళ్లకు వెళ్లి ‘మీ నంబరు బయటపడింది, జాగ్రత్త’ అని చెప్పిన దాఖలా మాత్రం కనపడదు.

కంపెనీల తీరూ అంతే. ఆరోగ్య బీమా సంస్థ స్టార్ హెల్త్ పాలసీదారుల వైద్య పత్రాలు టెలిగ్రామ్‌లో అంగడి సరుకయ్యాయని 2024 సెప్టెంబరులో రాయిటర్స్ వార్తా సంస్థ రాసింది. 3.1 కోట్ల మంది వివరాలు తన దగ్గరున్నాయని దొంగ చెప్పుకున్నాడు. సంస్థ స్టాక్ ఎక్స్ఛేంజీకి చెప్పింది, పోలీసులకు చెప్పింది, కోర్టుకు వెళ్లింది. రాయిటర్స్ పలకరించిన పాలసీదారులు మాత్రం తమకు ఏ కబురూ రాలేదన్నారు. జబ్బు వాళ్లది, కాగితాలు వాళ్లవి.

కబురు అందకపోతే ఏమవుతుందో చూడండి. ఫోన్ మోగుతుంది. ‘అమ్మా, మీ పాలసీ నంబరు ఇదే కదా, ఫలానా నెలలో ఆపరేషన్ అయింది కదా’ అంటాడు అవతలివాడు. అన్నీ నిజాలే. ఇన్ని తెలిసినవాడు కంపెనీవాడే అయి ఉంటాడని ఆమె నమ్ముతుంది, ఓటీపీ చెప్పేస్తుంది. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఫోన్ పెట్టేసేది.

చట్టం లేదా అంటే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం నష్టపోయిన ప్రతి ఒక్కరికీ చెప్పాలి. చెప్పకపోతే 200 కోట్ల దాకా జరిమానా. ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది, బాధితురాలికి పైసా రాదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు ఈ బాధ్యతకు 18 నెలల గడువిచ్చాయి, అంటే 2027 మే దాకా. అంతకన్నా మమ్మల్ని బాధించేది మరొకటుంది. మన అంగీకారం అడిగేటప్పుడు తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేన్నైనా ఎంచుకునే వీలివ్వాలంటుంది చట్టం. పోయిన సంగతి చెప్పేటప్పుడు ఏ భాషలో చెప్పాలో నిబంధనల్లో లేదు. సరళంగా, స్పష్టంగా, ఖాతా ద్వారానో నమోదైన మార్గంలోనో చెబితే చాలట. పాలకొండ రోడ్డులో నమోదైన మార్గం నెట్ సెంటర్ కుర్రాడి మెయిలు. అందులో ఇంగ్లిష్ ఉత్తరం పడేసి చట్టం పాటించామంటే ఒప్పుకోవాలా?

ఒప్పుకోం. కబురు తెలుగులో రావాలి. చదవలేనివాళ్లకు ఫోన్ చేసి మనిషి గొంతుతో చెప్పాలి. తపాలాలో ఉత్తరం పంపాలి, ఊరి సచివాలయం గోడకూ బ్యాంకు గోడకూ నోటీసు అంటించాలి. అందులో లింకు ఉండకూడదు, దొంగలు పంపేదీ లింకే కనుక. పాలసీ అమ్మడానికి గుమ్మం ఎక్కిన ఏజెంటు ఈ సంగతి చెప్పడానికీ ఎక్కాలి.

ఆ ఉత్తరం పెద్దదేం కానక్కర్లేదు. ‘అమ్మా, మా దగ్గరున్న మీ పేరు, ఆధార్ నంబరు, ఆసుపత్రి కాగితాలు ఫలానా తేదీన దొంగలపాలయ్యాయి. తప్పు మాది. మా పేరు చెప్పి ఎవరు ఫోన్ చేసినా ఓటీపీ చెప్పకండి. ఆధార్‌లో వేలిముద్ర లాక్ చేయించుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.’ ఈ నాలుగు ముక్కలు రాయడానికి 2027 మే దాకా ఎందుకు ఆగాలో కంపెనీలు చెప్పాలి.