సరి, బేసి, రెండూ కానివి

పూర్ణ సంఖ్యలలో ప్రతిదీ సరి గాని బేసి గాని అయి తీరుతుంది. పెన్‌పహాడ్ పరిసర గ్రామాలలో గుప్పిట చింతగింజలు దాచి "సరియా, బేసియా?" అని అడిగే పిల్లలకు కూడా మూడవ జవాబు లేదని తెలుసు. ఈ తెలివితోనే మన విద్యార్థులు సరి, బేసి ప్రమేయాల వద్దకు వస్తున్నారు. చిక్కు అక్కడనే మొదలవుతున్నది.

అవ్యక్త రాశిని 'య' అందాము. మన పూర్వ గణితజ్ఞులు 'యావత్తావత్' అన్న మాటకు సంకేతంగా దాని మొదటి అక్షరాన్నే వాడినారు. అరబ్బీ గణితజ్ఞులు 'షై', అనగా 'వస్తువు' అన్నారు. బహుపదిలో య స్థానే −య ఉంచినప్పుడు విలువ మారకున్న అది సరి ప్రమేయము, ఉర్దూలో జుఫ్త్. విలువ గుర్తు మాత్రమే మారిన బేసి ప్రమేయము, ఉర్దూలో తాఖ్. నిర్వచనము ఇంతే.

కాని తరగతులలో సాధారణంగా వినిపించేది వేరు: "ఘాతం చూడు, చెప్పు." గరిష్ఠ ఘాతం ఒక్కటే చూచిన విద్యార్థి య² − 4య + 4ను సరి అంటాడు. 2 వద్ద దాని విలువ సున్న, −2 వద్ద 16. అది సరీ కాదు, బేసీ కాదు. మరొకడు 3య² + 5లో బేసి అంకెలు చూచి బేసి అంటాడు. అది నిక్షేపంగా సరి. స్థిరపదమైన 5కు య ఘాతం సున్న, సున్న సరిసంఖ్య. ప్రతి పదం ఘాతమూ చూడవలెనే గాని గుణకాలతో పని లేదు.

పేరు ఘాతాల నుండి వచ్చినది కనుకనే ఈ తికమక. ఆయిలర్ 1748 నాటి తన గ్రంథంలో ఈ విభజనను చర్చించినాడు. బేసి సంఖ్యను బేసి సంఖ్యతో గుణిస్తే బేసి. బేసి ప్రమేయాన్ని బేసి ప్రమేయంతో గుణిస్తే మాత్రం సరి. య, య³ల లబ్ధం య⁴. గుణకారంలో ఘాతాలు కూడుకొంటాయి గదా!

రెండూ కాని బహుపదిని త్రోసిపుచ్చనక్కరలేదు. య³ + 2య² − 5య + 6లో 2య² + 6 సరి భాగం, య³ − 5య బేసి భాగం. ఘాతాలు చూడకుండానూ దీనిని రాబట్టవచ్చు. 1 వద్ద విలువ 4, −1 వద్ద 12. మొత్తంలో సగం 8: 1 వద్ద సరి భాగం విలువ అదే. 4 నుండి 12 తీసివేయగా వచ్చిన దానిలో సగం −4: అది బేసి భాగం విలువ. ఏ బహుపది అయినా ఇట్లే, ఒకే ఒక విధంగా, రెండుగా విడిపోతుంది. ఈ అందం మన పిల్లలకు చేరకపోవడమే మాకు బాధ.

ఉర్దూ మాధ్యమం నుండి, తెలుగు మాధ్యమం నుండి వచ్చిన వారు ఇంటర్మీడియెట్‌లో ఆంగ్ల పదాలను ఎదుర్కొన్నప్పుడు సూత్రాన్ని కంఠస్థం చేయడమే సులభమనిపిస్తుంది. ఉర్దూ వారి 'కసీర్ రుక్నీ', మన 'బహుపది' చెప్పేది ఒక్కటే: పెక్కు పదాలు గలది. ఈ జంట పదాలను గోడ మీద పక్కపక్కన వ్రాయించుటకు ఖర్చేమంత?

మొదటి వారంలోనే ప్రతి విద్యార్థికి రెండు గ్రాఫు కాగితాలు ఇప్పించవలసినదిగా కళాశాల కమిటీని కోరుతున్నాము. ఒకదానిపై య² గీసి నిలువు అక్షం వెంట మడవనీయండి. రెండు సగాలూ ఒకదానిపై ఒకటి ఒదుగుతాయి. రెండవదానిపై య³ − 4య గీసి కాగితాన్ని తలక్రిందులుగా త్రిప్పనీయండి. వక్రం మునుపటి వలెనే కనిపిస్తుంది. ఘాతాల సూత్రం ఆ తరువాత చెప్పవచ్చును.