అడిగితే చెప్పండి

నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నా నది మీద పాత ఆనకట్ట ఒక్కటే ఉన్న రోజుల్లో వరద వస్తే నీరు దాని మీదుగా పొర్లి పోయేది. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన మేకపాటి గౌతమ్‌రెడ్డి సంగం బ్యారేజీకి 85 గేట్లు. ఎగువన సోమశిల జలాశయం నుంచి ఎంత వదిలారు, ఇక్కడ ఏ గేటు ఎంత ఎత్తాలి, కాలువలకు ఎంత పోనివ్వాలి అన్నది ఇప్పుడు మనిషి తెలుసుకుని చేయాల్సిన పని. ఏళ్ల తరబడి నీటిని చూసిన లస్కరు పక్కన నిలబడి, అడిగి నేర్చుకోవాల్సిన పని.

అలా నిలబడి నేర్చుకునే వీలు ఎంతమందికి దొరుకుతోంది? 2019 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. 20 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. సెప్టెంబరు మొదటి వారంలో పరీక్షలు జరిగాయి, అక్టోబరు 2న సచివాలయాలు తెరుచుకున్నాయి. లక్షమందికి పైగా యువత కొలువుల్లో చేరారు. ఇంత మందికి ఇంత త్వరగా ఉద్యోగాలు రావడం సంతోషించాల్సిన విషయమే. శిక్షణ మాత్రం ఆ వేగాన్ని అందుకోలేదు. తరగతులు పెట్టినా, సాగు వివరాలుండే అడంగలులో తప్పు పడితే ఎలా సరిచేయాలో, పొలం కొలతలు చూపే పాత ఎఫ్ఎంబీ పటానికీ నేల మీది గట్టుకూ పొంతన లేకపోతే ఏం చేయాలో కొద్ది రోజుల తరగతుల్లో ఒంటబట్టదు. పక్కవాళ్లను అడగాల్సిందే.

అడిగితే ఏమంటారు? “ఇది కూడా తెలవకుండానే సెలెక్టయినావా?” నలుగురిలో ఆ ఒక్క మాట పడితే చాలు, కొత్తగా చేరిన పిల్ల మళ్లీ అడగదు. తోచింది నమోదు చేస్తుంది. ఒక అంకె తేడా వస్తే భూమి హక్కులు చూపే 1బిలో రైతు పొలం తగ్గిపోతుంది, అతడు పనులు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంటు సంగతి ఇంకా భయంకరం. కరెంటు ఆపించే ఎల్‌సీ (లైన్ క్లియర్) ఏ లైనుకు తీసుకోవాలో అడగడానికి మొహమాటపడి స్తంభమెక్కితే పోయేది ప్రాణం. ఎగతాళి చేసినవాళ్లకు ఇదంతా గుర్తుండదు. గుర్తుండాలి.

అడిగి నేర్చుకునే వీలు ఒకప్పుడు కొందరికి ఇంట్లోనే ఉండేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్యంగా వచ్చే కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. ఊరి లెక్కలు కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఉండిపోవడం అన్యాయం, ఆ రద్దు సరైనదే. కాకపోతే ఆ ఏర్పాటులో ఒక సౌకర్యం ఉండేది. కరణంగారి అబ్బాయి తండ్రి పక్కన కూర్చుని శిస్తు లెక్క నేర్చేవాడు. తెలియనిది ఎన్నిసార్లు అడిగినా ఇంట్లో ఎవరూ చిన్నబుచ్చరు. వారసత్వాన్ని తీసేసినప్పుడు, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడాన్ని అందరికీ అందేలా మిగుల్చుకోవాల్సింది. అది జరగలేదు. ఈరోజు ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల నుంచి కొలువుకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటి ఉద్యోగులు. రాత్రి భోజనాల దగ్గర ఫైలు గురించి అడుగుదామంటే చెప్పగలిగినవాళ్లు ఉండరు. వాళ్లకున్నది ఆఫీసులోని పెద్దలే.

నేర్పకుండా పనిలో పెట్టడం సర్కారు కొలువులతో ఆగేది కాదు. బట్టల కొట్లో, ప్రైవేటు ఆసుపత్రిలో, బడిలో, హైదరాబాదు సాఫ్ట్‌వేరు కంపెనీలో కూడా మొదటి రోజే సీటు చూపించి వెళ్లిపోతారు. నేర్పకుండా కూర్చోబెట్టిన తప్పు కూర్చోబెట్టినవాళ్లది. తెలియదని ఒప్పుకుని అడిగినవాళ్లు ఆ తప్పు జనం మీద పడకుండా ఆపుతున్నారు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఒట్టి చేతులతో వెళ్లి ఎలా చేయాలని అడగకండి. ఇంతవరకు చూశాను, ఇక్కడ ఆగాను అని కాగితం ముందుపెట్టి అడగండి. విసుక్కునేవారు కూడా అప్పుడు చూపు అటు తిప్పుతారు. చెప్పింది రాసుకోండి.

పెద్దలకు విన్నపం. పని మీరే చేసిపెట్టి పంపేయకండి. వాళ్ల చేతే చేయించండి, అలా ఎందుకు చేయాలో కూడా చెప్పండి. అధికారులు చేయగలిగింది ఇంకొకటి ఉంది. బదిలీ మీద వెళ్లేవారూ వచ్చినవారూ కనీసం రెండు వారాలు ఒకే బల్ల దగ్గర కూర్చునేలా ఉత్తర్వు ఇవ్వండి. చార్జి అప్పగింత అంటే తాళాలు, రిజిస్టర్లు చేతిలో పెట్టడంతో సరిపోదు. వచ్చే బదిలీల నుంచే ఇది మొదలుపెట్టాలి.